సూది లేని చెయ్యి

పోయిన మంగళవారం నుంచీ
తుఫాను షెల్టరు మేడ మీద ధ్యానం నేర్పుతున్నారండి.
గాలివాన రాత్రి అరవై గడపల వాళ్ళం
మేకలతో సహా తలదాచుకున్న హాలు అది.
ఇప్పుడందులో పదకొండు చాపలు.
కిటికీలోంచి రొయ్యల చెరువు మందు వాసన,
అవతల వశిష్ఠ మీద పంటు కూత.

నేర్పేది తులసీరత్నం గారు,
నరసాపురం పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు.
"బొటనవేలి కొసకి చూపుడువేలి కొస.
నొక్కకండి. తాకీ తాకనట్టు.
మిగతా మూడూ వదిలెయ్యండి, వాటి మానాన అవే ఉంటాయి."

వాటి మానాన ఉండే వేళ్ళు మాకెక్కడివండి?
చిటికెనవేలికి దారం చుట్టి
ఉంగరం వేలి కింద నుంచి లాగి
చూపుడువేలి మీద బిగించి
తొమ్మిదో ఏట మా మేనత్త కట్టిపడేసిన వేళ్ళివి.
ఎడమ చేతి గాడి చూడండి, దారం కోసింది,
బియ్యపు గింజని పడుకోబెట్టొచ్చు అందులో.

మొదటి రోజు ఎవరికీ కుదరలేదు.
సువార్తమ్మ, పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారోనని
చేతులు కొంగు కింద దాచుకుంది.
కొంగు చాటున ముద్ర పట్టింది. నేను చూశాను.
వజ్రమ్మకి బోదకాలు.
పద్మాసనం మాట దేవుడెరుగు, బాసింపట్టు కూడా పడదు.
ఆ కాలు బారచాపి
రెండో కాలు దానికి కాపలా పెట్టి
గోడకి జారబడింది.
"ఇదేం ఆసనమే?" అన్నారెవరో.
"లేసాసనం" అంది.
హాలంతా నవ్వు.
తులసీరత్నం గారు నవ్వలేదు.
దుప్పటి మడిచి ఆవిడ నడుం వెనక పెట్టి
"వెన్ను నిలబడితే చాలు, కాలినేమీ అడక్కు" అన్నారు.

ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషైతే
"మీకు కొత్తగా నేర్పేదేముందమ్మా, మీ పనే ధ్యానం" అన్నాడు.
ఆయ్, కాదండి.
నోరు మూసుకున్నా లోపల లెక్క ఆగదు.
ఆరు గొలుసులు, ఒక ముడి, ఆరు గొలుసులు,
డజను పువ్వులకెంత, అందులో ఏజెంటు కోతెంత,
దీపాల వేళకి కళ్ళు ఎంత మిగులుతాయి.
దాన్ని ధ్యానం అనేస్తే
కూలి పెంచమని అడగడానికి మొహమాటంగా ఉంటుంది.

నాలుగో రోజు జరిగింది.
ఏం జరిగిందంటే ఏం చెప్పను.
కళ్ళు మూసుకున్నాను. చేతులు మోకాళ్ళ మీద, వెల్లకిలా.
కుడి చూపుడువేలు బొటనవేలి దగ్గరికి వచ్చింది,
ఎప్పుడూ వచ్చినట్టే,
సూదిని పట్టుకోడానికి.
సూది లేదు.
ఉక్కు చల్లదనం తగలాల్సిన చోట
వెచ్చగా, గరుగ్గా, ఎవరిదో చర్మం.
ఉలిక్కిపడ్డాను.
నాదే.

అన్నం కలిపేప్పుడు మధ్యలో మెతుకు ఉంటుంది.
ముగ్గేసేప్పుడు పిండి.
కూలి లెక్కపెట్టుకునేప్పుడు నోటు.
మిగతా పొద్దంతా సూది.
నలభై మూడేళ్ళు ఒకే పనిలో ఉన్న ఇద్దరు
మధ్యన ఏమీ లేకుండా ముట్టుకోవడం
నాకు తెలిసి అదే మొదలు.
వాటి మధ్య సన్నగా ఏదో కొట్టుకుంటోంది.
నాడే అయి ఉంటుంది.
ఏ వేలిదో తెలియలేదు.

తర్వాత పెద్దగా ఏం లేదండి.
మోకాలు పట్టేసింది. చెవి దగ్గర దోమ.
వజ్రమ్మ గురక.
మెట్లు దిగుతూ ఎవరి చెప్పులు వాళ్ళం వెతుక్కున్నాం.

ఇంటికొచ్చి, గిన్నెలు బోర్లించి, సంచిలోంచి లేసు తీశాను.
సూది అందుకోబోయి
వేళ్ళని కాసేపు అలాగే ఉండనిచ్చాను.
ఆరో గొలుసు దగ్గర లెక్క తప్పింది.
విప్పలేదు.
ఆ ఒక్క పువ్వూ కాస్త వదులుగా వచ్చింది.
ఏజెంటు కంటబడితే రెండు రూపాయలు కోస్తాడు.
కోసుకోనీండి.